పని ఎక్కడో, జబ్బు మన వీధిలో

పోయిన సంచిక చివర్లో ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను: మీ ఇంట్లో కుర్రాళ్ళు ఏం పని చేస్తున్నారు, ఆ పని వాళ్ళ ఒంటికి ఎలా ఉంది, రాయండి అని. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. బరంపురం నుంచి రాయగడ దాకా, మధ్యలో చికిటి, పర్లాకిమిడి, గుణుపురం. ఇద్దరైతే ఒడియా లిపిలో తెలుగు రాశారు, చదవడానికి ఒక పూట పట్టింది గాని భలే ముచ్చటేసింది. అన్నీ వేసే చోటు లేదు. పేర్లు ఎవరివీ వెయ్యట్లేదు, వెయ్యమన్నవాళ్ళవి కూడా. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

మేడమ్, నేను ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్ పీజీ) రెండో సంవత్సరం. గ్యారంటీ లేని పనులు యువత ఆరోగ్యాన్ని ఏం చేస్తున్నాయి అనేది నా డిసర్టేషన్. వంద మంది చేత ప్రశ్నాపత్రం నింపించి పర్సెంటేజీలు తీస్తే చాలన్నారు మా గైడ్ గారు. ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి నలభై నింపించాను. ఒక్కడికీ ఏ బాధా లేదట, అందరూ 'బాగానే ఉన్నాం' అనే అంటున్నారు. టాపిక్ మార్చుకోమంటారా? - విద్యార్థిని, బరంపురం

టాపిక్ మార్చకమ్మా, నిలబడే చోటు మార్చు. గేటు దగ్గర అడిగితే ఎవరైనా బాగానే ఉన్నామంటారు. అవతల సూపర్‌వైజర్ చూస్తుంటాడు, షిఫ్టుకి రెండు నిమిషాలే ఉంటుంది, నువ్వెవరో ఏమో తెలియదు. ఇది ఒక కారణం. దీనికంటే పెద్దది ఇంకోటి ఉంది: బాగా లేనివాడు ఆ గేటు దగ్గర ఎందుకుంటాడు? నడుం పట్టేసినవాడు, చెవి పోయినవాడు, నిద్రలేక పిచ్చెక్కినట్టైనవాడు ఎప్పుడో సంచి సర్దుకుని ఊరెళ్ళిపోయాడు. వాడి చోట్లో ఇరవై ఏళ్ళ కొత్త కుర్రాడు, ఉక్కుముక్క లాంటివాడు, చేరాడు. నువ్వు కాగితం నింపించింది వాడి చేత. పరిశోధనలో దీనికి 'హెల్తీ వర్కర్ ఎఫెక్ట్' అని పేరు. పనిలో ఉన్నవాళ్ళనే లెక్కపెడితే ఎంత పాడు పనైనా ఆరోగ్యంగానే కనిపిస్తుంది. పర్మినెంట్ ఉద్యోగంలో అయితే జబ్బు చేసినా సెలవు పెట్టుకుంటాడు, పేరు రిజిస్టర్లో ఉంటుంది, వెతికితే దొరుకుతాడు. మన కుర్రాళ్ళు చేసే పనుల్లో మంచాన పడ్డ మర్నాటికే మస్టర్లో పేరుండదు.

అందుకే మన ఒడిశా సరిహద్దు జిల్లాల్లో చదువుకునేవాళ్ళకి ఒక సౌకర్యం ఉంది (సౌకర్యం అనడానికి నోరు రావట్లేదు గాని). పని సూరత్‌లో, చెన్నైలో, హైదరాబాద్‌లో. జబ్బు వచ్చి కూర్చునేది మన అరుగు మీద. సూరత్‌లో ఉండి పరిశోధన చేసేవాళ్ళకి మగ్గం కనిపిస్తుంది, ఆ మగ్గం దగ్గర్నుంచి లేచిపోయినవాడు కనిపించడు. నీకు కనిపిస్తాడు. అలా అని తిరిగొచ్చినవాళ్ళని మాత్రమే పోగు చేశావంటే తప్పు రెండో వైపుకి పోతుంది, లోకమంతా రోగిష్టిదే అని తేలుతుంది. ఊరు ఒకటి తీసుకుని మూడేసి ఇళ్ళకొకటి చొప్పున ఎంచుకో. ఆ ఇంట్లో 18 నుంచి 30 మధ్య ఉన్న ప్రతి ఒక్కరి పేరూ రాసుకో, ఇప్పుడు ఇంట్లో ఉన్నా లేకున్నా. లేనివాళ్ళకి రాత్రి ఫోన్ చెయ్యి, వీడియో కాల్ వద్దు, చుట్టూ నలుగురుంటారు.

ఇక ఏం అడగాలి. 'పర్మినెంటా, టెంపరరీయా' అని ఒక్క ప్రశ్న పెట్టి వదిలేస్తే పని నడవదు. స్పెయిన్‌లో పరిశోధకులు ఈ అస్థిరతని ఆరు ముక్కలుగా విడగొట్టి కొలిచారు. పని ఎన్నాళ్ళది, కూలి ఎంత, గంటలూ కూలీ ఎవరు తేలుస్తున్నారు, మాట పడాల్సి వస్తోందా, కాగితం మీద ఏ హక్కులున్నాయి, ఉన్న హక్కుని వాడుకోగలుగుతున్నాడా. నాకు అన్నిటికంటే చివరిది ముఖ్యం. సెలవు ఉందా అంటే 'ఉంది మేడమ్' అంటాడు. పోయిన నెలలో జ్వరమొస్తే ఏం చేశావురా అని అడుగు, మాత్రేసుకుని వెళ్ళానంటాడు. ఆ రెండు జవాబులకీ మధ్య ఉన్న ఎడమే నీ టాపిక్. దేశం మొత్తానికైతే ఏటా వచ్చే పి.ఎల్.ఎఫ్.ఎస్. (ఎవరికి ఏం పని ఉందో కేంద్రం తీసే లెక్క) సర్వే ఉంది, 2017లో మొదలైంది. వ్యవసాయం బయట నెల జీతం తీసుకునేవాళ్ళలో కూడా సగానికి పైగా మందికి రాతపూర్వకమైన కాంట్రాక్టు లేదని అందులోనే తేలుతోంది. రోజుకూలీలు ఆ లెక్కలో లేనే లేరు. మొదటి చాప్టర్‌కి అది వాడుకో.

డిసర్టేషన్‌కి ఉండే నాలుగు నెలల్లో ఎవరి వెనకాలా ఏళ్ళ తరబడి తిరగలేవు కాబట్టి నేను చేసే పని ఒకటి చెబుతాను. గోడ మీద వేలాడే తెలుగు క్యాలెండర్లు, పాతవి, మూడు నాలుగేళ్ళవి సంపాదించు. నేల మీద పరిచి ఆ కుర్రాడి చేతికి రంగు పెన్సిళ్ళివ్వు. ఎక్కడ పని చేశాడో ఒక రంగు, పని లేని రోజులు ఖాళీ, ఒంట్లో బాగాలేని రోజులకి చుక్క. తేదీలు ఎవరికీ గుర్తుండవు, కానీ ఠాకూరాణి యాత్రకి ఇంట్లో ఉన్నాడో లేదో బరంపురం కుర్రాడికి కచ్చితంగా గుర్తుంటుంది. ఫైలిన్ తుఫానుకి ఏ క్లాసు, 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చినప్పుడు ఎక్కడ, 2020 మే నెలలో శ్రామిక్ రైలెక్కి వచ్చాడా, ముందే వచ్చేశాడా... ఈ మేకులకి తగిలిస్తే మిగతా నెలలు వాటంతటవే వేలాడతాయి. ఒకసారి పర్లాకిమిడి దగ్గర ఊళ్ళో ఓ కుర్రాడు పద్నాలుగు నెలల్లో ఐదు రంగులు వేశాడు, అంటే ఐదు పనులు, మధ్యలో ఖాళీ గళ్ళు. చుక్కలు ఆ ఖాళీ గళ్ళలో ఉంటాయని నేననుకున్నాను. చూస్తే ప్రతిసారీ ఖాళీకి ముందు నెలలో ఉన్నాయి. వాళ్ళమ్మ వంటింట్లోంచే అంది, 'కాంట్రాక్టు అయిపోతాదన్న కబురు రాగానే ఈడికి తిండి సయించదు మేడమ్' అని. ఏ ప్రశ్నాపత్రంలో రాబట్టగలవు ఈ ముక్క?

మనసు సంగతికి పి.హెచ్.క్యూ. 9 (డిప్రెషన్ కనిపెట్టే ప్రశ్నల కాగితం) వాడతానంటావు, అందరూ అదే వాడతారు. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. పది గాని అంతకు మించి గాని వస్తే డాక్టరు చూడాలని అర్థం, జబ్బు ఖాయమని కాదు. వాడు. కానీ పుస్తకాల తెలుగులో ఉన్నదాన్ని అలాగే చదివితే మన కుర్రాడు నీ మొహం చూస్తాడు. 'నిరాశా నిస్పృహలు' ఎవరి నోట విన్నావు? 'బుర్ర పనిచెయ్యట్లేదు', 'ఏటోలా ఉంది', 'గుండె దడదడమంటోంది', ఇవీ మన మాటలు. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవరల గురించి తెలుసుకోవాలనుకున్నప్పుడు ముందు సవర భాష నేర్చుకున్నారు. నువ్వు నేర్చుకోవాల్సిందల్లా మీ ఊరి తెలుగే. పది మంది మీద చదివి చూసి, ఎక్కడ బుర్ర గోక్కున్నారో చూసుకుని, అర్థం మారకుండా మాట సరిచేసుకో. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి ఎవరైనా 'అవును' అంటే టిక్కు పెట్టుకుని తర్వాతి ఇంటికి పోకూడదు. ఆ రోజు ఎవరికి చెప్పాలి, ఎక్కడికి తీసుకెళ్ళాలి అనేది మొదటి ఇంటి గడప తొక్కకముందే రాసిపెట్టుకో, మీ గైడ్ చేత సంతకం పెట్టించుకో. మనసు బాగాలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్, నంబరు 14416, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. పేర్లు, కాంట్రాక్టరు పేరు, మెస్సు (కూలీలు కలిసి ఉండే గది) పేరు ఎక్కడా రాయకు. వాడు రేపు మళ్ళీ అక్కడికే పనికి వెళ్ళాలి.

వంద కాగితాలు మీ గైడ్ గారి కోసం నింపించు, తప్పదు. సగం టైము మాత్రం పన్నెండు ఇళ్ళకి కేటాయించు. 1930ల మొదట్లో ఆస్ట్రియాలో, వియన్నా దగ్గర మారియెంతాల్ అనే ఊళ్ళో బట్టల మిల్లు మూసేస్తే ఊరంతా పని పోగొట్టుకుంది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైజెల్ అని ముగ్గురు కుర్ర పరిశోధకులు, వాళ్ళ బృందం అక్కడికి వెళ్ళారు. జీతాల లెక్క, తిండి లెక్క అన్నీ రాసుకున్నారు, దాంతోపాటు కిటికీ పక్కన గడియారం పట్టుకుని కూర్చుని వీధిలో జనం ఎంత వేగంగా నడుస్తున్నారో, దారిలో ఎన్నిసార్లు ఆగుతున్నారో కూడా కొలిచారు. మగవాళ్ళు ఆగి ఆగి నడుస్తున్నారు, ఆడవాళ్ళు అంతగా ఆగట్లేదు, ఇంటి పని ఎక్కడికీ పోలేదు కదా. వాళ్ళు వట్టి చేతులతో కూడా వెళ్ళలేదు, బట్టలు పంచారు, డాక్టరు చేత చూపించారు. నీకంత డబ్బుండదు గాని సాయంత్రం నాలుగింటికి మీ ఊరి టీ కొట్టు దగ్గర ఒక వారం కూర్చో, ఎవరెవరు ఎంతసేపు కూర్చుంటున్నారో చూడు. ఎవరూ నవ్వరు, నవ్వితే నాకు రాయి.

అమ్మా, మా బాబుకి ఇరవైనాలుగేళ్ళు. సూరత్‌లో పవర్‌లూమ్ మీద ఆరేళ్ళు చేసి మొన్న సంక్రాంతికి వచ్చేశాడు. పిలిస్తే పలకడు, టీవీ గట్టిగా పెడతాడు, రాత్రంతా సెల్లు చూస్తూ పగలు పడుకుంటాడు. పని లేక బద్ధకమెక్కిందని ఇంట్లో వాళ్ళ నాన్న రోజూ గొడవ. ఏం చెయ్యమంటారు? - ఒక తల్లి, చికిటి దగ్గర

తల్లీ, ముందు ఆ గొడవ ఆపించండి. మీ వారికి ఈ పేజీ చదివి వినిపించండి.

పలకడం లేదంటున్నారు, వినిపించడం లేదేమో? మగ్గాలు వరసగా ఆడే షెడ్డులో పక్కనున్నవాడు చెవిలో అరిచినా వినపడదు. మన దేశపు ఫ్యాక్టరీ నిబంధనల ప్రకారమే 90 డెసిబెల్స్ మోతలో రోజుకి ఎనిమిది గంటలే ఉండాలి, 95కి పెరిగితే నాలుగు గంటలు, 100 అయితే రెండే. అక్కడ షిఫ్టు పన్నెండు గంటలు. ఆరేళ్ళు. ఈ చెవుడు ఒక్కసారిగా రాదు, ముందు సన్నటి శబ్దాలు పోతాయి, అందుకే మగవాళ్ళ గొంతు కంటే మీ గొంతు, పిల్లల గొంతు వాడికి తక్కువ అందుతుంది. ఫ్యాను తిరుగుతుంటే, నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటే అసలందదు. చెవిలో ఏదైనా గీమంటోందా అని అడగండి, చాలామందికి ఉంటుంది, సిగ్గుపడి చెప్పరు. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగం ఉంది, అక్కడ ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చెయ్యాలని అడగండి. లోపలి చెవిలో చచ్చిపోయిన కణాలు మళ్ళీ పుట్టవు, కాబట్టి పోయింది తిరిగి రాదు, ఈ మాట మీకు చెప్పక తప్పదు. ఉన్నది కాపాడుకోవచ్చు, అవసరమైతే మిషను పెట్టుకోవచ్చు. ఇంతలో మందుల షాపు చుక్కలు, వేడి చేసిన నూనె చెవిలో పొయ్యకండి.

నిద్ర సంగతి. పగలు షిఫ్టు, రాత్రి షిఫ్టు మారుతూ ఉండేది, మెస్సులో ఇతను లేచిన చాప మీదే రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాడు పడుకునేవాడు, అవునా? ఆరేళ్ళు అలా గడిపినవాడి ఒంట్లో గడియారం సంక్రాంతికి ఇంటికి రాగానే సరైపోదు. రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్‌కి కారణం కాగల వాటి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2007లోనే పెట్టింది, 2019లో మళ్ళీ చూసి అలాగే ఉంచింది. భయపెట్టడానికి చెప్పట్లేదు, మీ వారు 'బద్ధకం' అంటున్నారు కాబట్టి చెబుతున్నాను. రాత్రి ఎప్పుడు పడుకున్నా పొద్దున్న ఒకే వేళకి లేపండి, లేవగానే ఎండలోకి పంపండి, పాలకో కూరగాయలకో. చీకటి పడ్డాక టీ ఇవ్వకండి. నెల రోజులు చూడండి. మధ్యలో బతుకు మీద విరక్తి మాటలు గాని, తాగుడు గాని కనిపిస్తే ఆగకుండా 14416కి ఫోన్ చెయ్యండి.

పరిహారం సంగతి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. 1923 నాటి కార్మిక పరిహార చట్టంలో వృత్తి వల్ల వచ్చే జబ్బుల పట్టికలో మోత వల్ల వచ్చే చెవుడు కూడా ఉండేది, దాని చోట వచ్చిన 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉంది. అందుకు అక్కడ పని చేసినట్టు రుజువు కావాలి. మీటరు లెక్కన చేతిలో డబ్బు పెట్టేచోట రుజువు ఎక్కడిది? బాబు ఫోన్లో షెడ్డులో దిగిన ఫోటోలు, యజమాని నుంచి వచ్చిన ఫోన్‌పే మెసేజీలు, మీటర్లు రాసుకున్న చిన్న పుస్తకం, ఏమున్నా పారెయ్యకుండా దాచండి. ఫోన్ అమ్మేసే ముందు ముఖ్యంగా.

నమస్తే మేడమ్. నేను ఐటీఐ ఫిట్టర్‌ని, ఇక్కడో ఫ్యాక్టరీలో మూడేళ్ళుగా అదే మెషీన్ మీద పని చేస్తున్నా, కాంట్రాక్టరు మాత్రం నాలుగో వాడు. ఆరు నెలలకోసారి గేట్ పాస్ రెన్యువల్. ఆ వారం వచ్చిందంటే కడుపులో మంట, విరేచనాలు. ఎండోస్కోపీలో ఏమీ లేదన్నారు, 'టెన్షన్ తగ్గించుకో' అన్నారు. ఉద్యోగం పోలేదు కదా, నాకే ఎందుకిలా? - ఫిట్టర్, రాయగడ

తమ్ముడూ, పైన పర్లాకిమిడి కుర్రాడి క్యాలెండర్ సంగతి చదివావుగా, చుక్కలు ఎక్కడ పడ్డాయో. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద 1985లో మొదలైన పెద్ద పరిశోధన ఒకటుంది, రెండో వైట్‌హాల్ స్టడీ అంటారు. అది నడుస్తుండగా అందులో ఒక శాఖని ప్రైవేటు చేస్తారని తెలిసింది. ఇంకా ఒక్కరి ఉద్యోగమూ పోలేదు, కబురు మాత్రమే. ఆ కబురు దశలోనే ఆ శాఖ వాళ్ళ ఆరోగ్యం మిగతా శాఖల వాళ్ళతో పోలిస్తే దిగజారింది. లండన్‌లో కుర్చీ ఉద్యోగం చేసేవాళ్ళకే అలా అయితే ఆరు నెలలకోసారి గేటు బయట నిలబడే నీకు కడుపు మండటంలో వింతేముంది. నీ ఒళ్ళు తప్పు చెయ్యట్లేదు.

డాక్టరు చెప్పింది కూడా అబద్ధం కాదు, కాకపోతే టెన్షన్ తగ్గించుకోవడానికి దాని స్విచ్చి నీ చేతిలో లేదు. ఒళ్ళునొప్పులకి ఖాళీ కడుపున మాత్రలు మింగే అలవాటుంటే అది మాత్రం మానెయ్యి, మంటకి అది కూడా ఒక కారణమే. నల్లటి విరేచనం, బరువు తగ్గడం ఉంటే మళ్ళీ డాక్టరు దగ్గరికెళ్ళు.

నీ చేతిలో ఉన్నవి రెండు మూడున్నాయి. జీతం చీటీలో ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కోత ఉందా చూడు. నెలకి 21,000 లోపు జీతానికి నీ దగ్గర 0.75 శాతం, యజమాని 3.25 శాతం కట్టాలి. కడుతుంటే జబ్బు చేసినప్పుడు ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది, దానికి ముందు ఆరు నెలల లెక్కలో 78 రోజులు కట్టి ఉండాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: కొత్త కాంట్రాక్టరు వచ్చినప్పుడల్లా కొత్తగా చేర్పించి కొత్త నంబరు ఇప్పిస్తాడు, పాత రోజులు పాత నంబరు మీద ఉండిపోతాయి. 78 ఎక్కడా పూర్తవదు. మళ్ళీ రెన్యువల్ వచ్చినప్పుడు నీ పాత ఈఎస్ఐ నంబరు, పీఎఫ్ యూఏఎన్ నంబరు ఒక కాగితం మీద రాసి నువ్వే ఇవ్వు, ఆ కాగితం ఫోటో తీసుకో. ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి నాలుగు కాంట్రాక్టర్ల కాలమూ అందులో ఉందో లేదో ఈ ఆదివారమే చూడు. కాంట్రాక్టరు కూలి ఎగ్గొట్టి పోతే అసలు కంపెనీయే కట్టాలన్న నియమం 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టంలో ఉండేది, దాని చోట వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ ఉంది. ఒక్కడివే వెళ్ళి ఈ చట్టం మాట ఎత్తకు. నీ షిఫ్టులో ఇలాంటి కడుపులు ఇంకెన్ని ఉన్నాయో ముందు కనుక్కో.

మీ శీర్షిక బాగుంటుంది గాని ఈ మధ్య ప్రతిదానికీ డిప్రెషన్ అంటున్నారు. మేమూ కూలి చేశాం, రేపటి పని తెలియకుండానే బతికాం. మాకు లేని రోగాలు వీళ్ళకెందుకు? - ఓ పెద్దాయన, గుణుపురం

బాబాయ్ గారూ, మీకు లేవా, ఎవరూ లెక్కపెట్టలేదా? మీ కాలంలో ఊళ్ళో ఒకరో ఇద్దరో 'గాలి సోకినవాళ్ళు' ఉండేవారు, గుర్తు తెచ్చుకోండి. పొలం వదిలేసి ఎటో వెళ్ళిపోయినవాళ్ళు కూడా.

అయినా మీ మాటలో నిజం లేకపోలేదు. మీరు చేసిన పనికీ గ్యారంటీ లేదు, కానీ వరుస ఉండేది. ఊడ్పులు ఎప్పుడో, కోతలు ఎప్పుడో, వేసవిలో పస్తులు ఎప్పుడో ముందే తెలుసు. అప్పు షావుకారు దగ్గర, పంట వచ్చాక తీర్చేవారు, రాకపోతే కాళ్ళు పట్టుకునేవారు (అది మంచి రోజులని నేను అనను). ఇప్పుడు కుర్రాడి జీతానికి తారీఖు లేదు, బైకు ఈఎంఐకి మాత్రం తారీఖుంది. ఐదో తేదీన ఖాతాలో డబ్బు లేకపోతే ఫైను, ఆ తర్వాత ఫోన్లు, ఆ ఫోన్లు అమ్మానాన్నలకి కూడా. పెళ్ళిసంబంధానికి వెళ్తే పిల్ల తండ్రి అడిగే మొదటి ప్రశ్న ఏమిటో మీకు నాకంటే బాగా తెలుసు, 'పర్మినెంటేనా?' ముప్పై దాటినా పెళ్ళి కాని కుర్రాళ్ళు మీ వీధిలో ఎంతమంది? వాళ్ళలో పర్మినెంట్ వాళ్ళెందరు? లెక్క రాసి పంపండి, వచ్చే నెల వేస్తాను.

గంటల విషయానికొస్తే, వారానికి 55 గంటలు, అంతకు మించి పని చేసేవాళ్ళకి 35-40 గంటలు చేసేవాళ్ళ కంటే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో తేల్చాయి. రోజుకి పన్నెండు గంటల చొప్పున ఆరు రోజులంటే 72. ఈ జబ్బులు ఇరవైలలో కనపడవు, నలభైలలో కనపడతాయి. అప్పుడు ఆ షెడ్డు ఎవరికీ గుర్తుండదు.

అక్కా, నేను డెలివరీ బాయ్‌ని. డిగ్రీ ఆపేశా. మాది పని కిందకి వస్తుందా రాదా? యాప్ వాళ్ళు 'పార్ట్‌నర్' అంటారు. ఒంట్లో ఏం చూసుకోవాలి? - బరంపురం

వస్తుంది. 2020 సామాజిక భద్రత కోడ్‌లో గిగ్ వర్కర్, ప్లాట్‌ఫామ్ వర్కర్ అనే మాటలు చట్టంలోకి ఎక్కాయి, కంపెనీలు టర్నోవర్‌లో ఒకటి నుంచి రెండు శాతం మీ భద్రత నిధికి ఇవ్వాలనీ ఉంది. నీతి ఆయోగ్ లెక్కన 2020-21లో మీలాంటివాళ్ళు 77 లక్షలు, 2029-30కి 2.35 కోట్లవుతారు. ఈ-శ్రమ్‌లో (ఇలాంటి కార్మికుల కోసం కేంద్రం పెట్టిన జాబితా) పేరు నమోదు చేయించుకో, మీ-సేవ లాంటి సెంటర్ ఏదైనా చేస్తుంది, ఆధార్, బ్యాంకు పుస్తకం చాలు. 'పార్ట్‌నర్' అన్న మాటకి మాత్రం నాకూ నవ్వొస్తుంది, లాభంలో వాటా ఎంతిస్తున్నారో అడుగు.

ఒంటి సంగతి. నిన్న పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎన్నిసార్లు ఒంటేలుకి వెళ్ళావు? నాకు తెలిసిన కుర్రాడొకడు రెండేసార్లు అన్నాడు. ఎందుకంటే దారిలో వెళ్ళే చోటు లేదు, అందుకని నీళ్ళు తాగడు, మే నెల ఎండలో. ఆర్డరు తీసుకునే హోటల్ లోపల బాత్రూమ్ కూడా వాడుకోనివ్వరట. మనం ఇచ్ఛాపురం, కవిటి పక్కనే ఉన్నవాళ్ళం, ఉద్దానం కిడ్నీల గోడు రోజూ వింటున్నవాళ్ళం. ఆ జబ్బుకి ఇదీ కారణమని ఎవరూ తేల్చలేదు, నేనూ అనట్లేదు, కానీ ఎండలో నీళ్ళు లేకుండా తిరగడం ఏ కిడ్నీకీ మంచిది కాదు. మూత్రం రంగు టీ డికాషన్‌లా ఉంటే ఆ ఆర్డరు వదిలేసి నీళ్ళు తాగు. ఇన్సెంటివ్ పోతుంది, తెలుసు. హోటళ్ళ దగ్గర బాత్రూమ్ కోసం మీ యాభై మంది కలిసి ఒక కాగితం రాయండి, ముసాయిదా నేను రాసిస్తా.

మా పంచాయతీలో యువజన సంఘం తరఫున వలస వెళ్ళేవాళ్ళ రిజిస్టర్ పెట్టాలనుకుంటున్నాం. ఏమేం గళ్ళు ఉండాలి? - పాత్రపురం

పెట్టండి బాబూ, వలస కూలీలని రిజిస్టర్ చెయ్యాలని మన ఒడిశా 1975లోనే దాదన్ కార్మికుల చట్టం తెచ్చింది, దేశం మొత్తానికి 1979లో వచ్చింది. ఇన్నేళ్ళకి మీరు పుస్తకం కొంటున్నారు, సంతోషం. వెళ్ళిన తేదీ, ఊరు, తీసుకెళ్ళిన సర్దార్ ఫోన్ నంబరు, అడ్వాన్సు ఎంత, ఇంట్లో ఎవరికి కబురు చెయ్యాలి. ఇవి అందరూ రాస్తారు. మీరు తిరిగొచ్చిన తేదీకి ఒక గడి, ఎందుకు వచ్చాడో అన్నదానికి ఇంకో గడి, అది కాస్త వెడల్పుగా గీయండి. పుస్తకం సంఘం గదిలో పడెయ్యకండి, తాళం ఉన్న చోట పెట్టండి, సర్దార్ చేతికి మాత్రం అందనివ్వకండి. ఆ వెడల్పు గడిలో 'అనారోగ్యం' అని ఒక్క మాట రాసి ఊరుకోవద్దు. చెవా, నిద్రా, కడుపా, నడుమా, ఏ నెల నుంచి మొదలైందో అడిగి రాయండి. చెప్పకపోతే వాళ్ళమ్మని అడగండి.